పులుసుకి శాసనాల్లేవు

నెల్లిమర్ల నుంచి రామతీర్థం ఎంతో దూరం లేదు. అక్కడ గురుభక్తులకొండ మీద బౌద్ధ స్తూపాల, విహారాల శిథిలాలు ఇంకా ఉన్నాయి. ఇటుకల కొలతలు ఇప్పటికీ తీసుకోవచ్చు. కొండ కింద ఊళ్ళలో ఆ రోజుల్లో పొయ్యి మీద ఏం ఉడికిందో మాత్రం ఇటుకలు చెప్పవు. ఎండిన వంకాయ ముక్క కోసం శాసనం ఎవరు వేయిస్తారు?

అయినా వరుగుల పులుసుకి చరిత్ర ఉంది. అది చాలావరకు మాటల్లో దాగుందని నాకనిపిస్తుంది. పాత కోడ్‌లో ఏ లైను ఎప్పుడు చేరిందో వెనక్కి వెళ్ళి చూసుకోవడం నా ఉద్యోగంలో రోజూ ఉండే పని. పులుసునీ అలాగే చదవొచ్చు.

ముందు మూకుట్లో నూనె. నువ్వు, నెయ్యి కలిసి నూనె అయింది. దక్షిణ అమెరికా నుంచి వేరుశనగ రాకముందు ఇక్కడ ఏది కాగేదో ఆ మాటే చెబుతుంది. ఇప్పుడు పామాయిల్‌ని కూడా నూనె అనే అంటున్నాం.

తర్వాత పోపులో ఎండుమిరప. 1498లో పోర్చుగీసువాళ్ళు కాలికట్‌లో దిగాకే ఈ అమెరికా కాయ మన దేశానికి వచ్చింది. కొత్తగా వచ్చినదానికి పాత కారం పేరే పెట్టుకున్నాం: మిరియం నుంచి మిరప. అంటే అంతకుముందు కారం పని మిరియాలే చేసేవన్నమాట.

ఇక చింతపండు. అరబ్బులు దీన్ని 'హిందూ ఖర్జూరం' అన్నారు. 1753లో లిన్నేయస్ శాస్త్రీయనామంలో కూడా 'ఇండికా' అని చేర్చాడు. చెట్టు పుట్టిల్లు మాత్రం ఆఫ్రికా అంటారు వృక్షశాస్త్రజ్ఞులు. ఎప్పుడో వచ్చి, పేరులోనే భారతీయురాలైపోయింది. తమిళంలో 'పుళి' అంటే పులుపూ, చింతపండూ రెండూ. మన పులుసులో ఉన్నదీ ఆ ధాతువే.

చివరికి వరుగులు. తమిళుల వత్తక్కుళంబులోని 'వత్తల్'కి మూలమైన క్రియ తెలుగులో 'వట్టు', అంటే ఎండిపోవడం. ఆవు వట్టిపోయింది అంటాం చూడండి, అదే. వంకాయలో తొంభై శాతానికి పైగా నీరే. ఆ నీరు పోతే కుళ్ళించే సూక్ష్మజీవులకి చోటుండదు. కాబట్టి కాపు ఎక్కువై కాయలు చవగ్గా ఉన్నప్పుడు ముక్కలు కోసి, ఉప్పు రాసి, ఎండబెట్టి, వానాకాలానికి దాచుకునేవాళ్ళు. వేణ్ణీళ్ళలో నానబెట్టి, నూనెలో వేయించి, చిక్కటి చింతపండు రసం పోసి, మా ఉత్తరాంధ్ర పద్ధతిలో బెల్లం ముక్క వేసి, బియ్యప్పిండి కలిపి మరిగిస్తే, కూరలు లేని రోజున కూడా కూర ఉన్నట్టే.

ఈ లెక్కంతా ఆడవాళ్ళ బుర్రల్లో నడిచింది. ఎన్ని ఎండలు కావాలి, మబ్బు పడితే ఎప్పుడు లోపలికి తియ్యాలి, ఎంత దాస్తే శ్రావణం దాటుతుంది? రాజుల ధాన్యాగారాల గురించి చరిత్ర పుస్తకాలు పేజీలు రాస్తాయి. డాబా మీద పాత చీరపై పరిచిన ఈ ధాన్యాగారానికి ఒక్క వాక్యం కూడా దొరకదు. దాన్ని 'వంట' అనేసి పక్కన పెట్టాం.

ఫ్రిజ్ వచ్చాక వరుగుల అవసరం తీరింది, మంచిదే. ఎండలో కాపలా కాయడంలో రొమాన్స్ ఏమీ లేదు. కానీ ఆ పనితో పాటు దాని మాటలూ పోతున్నాయి. నూనె, మిరప వాడుకలో ఉన్నాయి కాబట్టి వాటి వెనక చూడగలిగాం. వరుగు అనే మాట విననివాళ్ళు దేని వెనక చూస్తారు? మీ ఇంట్లో దీన్ని ఒరుగంటారో, వరుగంటారో, ఇంకేమంటారో పెద్దవాళ్ళని అడిగి ఒకచోట రాసిపెట్టండి. ఈ పులుసుకి దొరికే శాసనం అదే.