నొప్పి దారిలో కాపలా
(శస్త్రచికిత్స పిమ్మట నాడులకు మత్తు)

కడుపు కోసి చికిత్స చేసిన పిమ్మట వృద్ధులకు అపాయము గాయమునుండియే గాక ఊపిరితిత్తులనుండియు రావచ్చును. దీని కారణము సులభముగనే గ్రహింపవచ్చును. దగ్గినచో కుట్లు కలుక్కుమనును. నిండుగా ఊపిరి పీల్చినను నొప్పియే. ఆ భయముచే రోగి పైపైన శ్వాసించును, దగ్గు నాపుకొనును. కఫము లోపల నిలిచిపోవును. ఊపిరితిత్తుల అడుగు భాగములు ముడుచుకొనును. తుదకు న్యుమోనియా సోకవచ్చును. పోనీ, మార్ఫీను ఎక్కువగా ఇత్తమన్న, శ్వాస మందగించును, మలబద్ధమగును, కొందరు వృద్ధులకు మతి తాత్కాలికముగా తప్పును. కావున శరీరమంతటికిని మందు ఈయక, నొప్పిని మోసుకొనిపోవు నాడిని మాత్రమే కొన్ని గంటలు మూగగా నుంచు ఉపాయము కావలసి వచ్చినది. ఆ ఉపాయము నేటి రూపమునకు వచ్చుటకు నూరేండ్లకు పైగా పట్టినది.

దక్షిణ అమెరికాలోని పెరూ ప్రజలు పూర్వమునుండి కోకా ఆకులను నమలుచుండిరి. 1860లో జర్మనీలోని గటింగెన్‌లో ఆల్బర్ట్ నీమన్ ఆ ఆకులనుండి కొకేనును వేరుచేసి, అది నాలుకకు తిమ్మిరి కలిగించునని వ్రాసెను. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ అను యువవైద్యుడు కంటిలో కొకేను చుక్కలు వేసినచో కన్ను నొప్పి నెరుగదని కనుగొనెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 15న హైడెల్‌బర్గులో నేత్రవైద్యుల సభ జరిగెను. దారి ఖర్చులకు డబ్బు లేక కోలర్ అచటికి పోలేకపోయెను; ఆయన పత్రమును యోసెఫ్ బ్రెటౌవర్ చదివి వినిపించెను.

కొలది కాలములోనే న్యూయార్కులో విలియం హాల్‌స్టెడ్ మరియొక మెట్టెక్కెను. చర్మమంతట మందు చల్లనక్కరలేదు. నాడి మొదలున సూది వేసినచో ఆ నాడికి లోబడిన ప్రదేశమంతయు మొద్దుబారునని ఆయన చూపెను. తనపైనను సహచరులపైనను ప్రయోగములు చేయుటలో ఆయన కొకేనుకు బానిసయ్యెను. 1898 ఆగస్టులో కీల్ నగరమున ఔగుస్ట్ బియర్ వెన్నులోని ద్రవములోనికి కొకేను నెక్కించెను. ఆయన సహాయకుడైన హిల్డెబ్రాంట్ తానే ప్రయోగమునకు సిద్ధపడగా, మోకాలి క్రింది ఎముకపై ఇనుప సుత్తితో కొట్టినను నొప్పి తెలియలేదు. కాని తరువాత ఇద్దరును తలనొప్పితో బాధపడిరి.

నాడిలో వార్త విద్యుత్తరంగమువలె సాగును. నాడి పొరలోని సూక్ష్మద్వారములగుండ సోడియము లోనికి వచ్చినపుడే ఆ తరంగము ముందుకు కదలును. ఈ మందు ఆ ద్వారములను మూసివేయును. రక్తము మందును కొనిపోగానే ద్వారములు మరల తెరచుకొనును. నాడికి చెరుపు కలుగదు. కొకేను విషగుణములకు వెరచి రసాయనజ్ఞులు వేరు మందులకై వెదకిరి. 1904లో ఐన్‌హార్న్ ప్రోకేనును, 1943లో స్వీడనులో లోఫ్‌గ్రెన్, లుండ్‌క్విస్ట్‌లు లిడోకేనును తయారుచేసిరి. 1957లో వచ్చిన బూపివకేను ఇంకను ఎక్కువ గంటలు పనిచేయును.

1921లో స్పెయిను సైనికవైద్యుడు ఫిడెల్ పాజెస్, వెన్నుపామును కప్పు పొరకు వెలుపల మందు నుంచు పద్ధతిని ప్రకటించెను. దీనినే ఎపిడ్యూరల్ అందురు. 1947లో క్యూబాలో మార్టినెజ్ కుర్బెలో అచట సన్నని గొట్టము నిలిపి, మందును మరల మరల ఎక్కించు మార్గము చూపెను. ఇది కడుపు కోతలకు గొప్ప మేలు చేసెను. అయినను వృద్ధులలో దీనివలన రక్తపుపోటు పడిపోవచ్చును. రక్తము గడ్డకట్టకుండ మందులు వాడువారికి వెన్నులో రక్తస్రావమై వెన్నుపాము నలుగవచ్చును.

2001లో రఫీ అను వైద్యుడు వేరొక దారి సూచించెను. కడుపు గోడకు పోవు నాడులు ప్రక్కనున్న రెండు లోపలి కండరముల పొరల నడుమ సాగును. ఆ సందులో మందు నింపినచో వెన్ను జోలికి పోనక్కరలేదు. 2007లో ఐర్లండులోని గాల్వే వైద్యులు పెద్దప్రేవు శస్త్రచికిత్స జరిగిన 32 మందిలో దీనిని పరీక్షించిరి. మొదటి 24 గంటలలో కావలసిన మార్ఫీను సగటున సుమారు 80 మిల్లీగ్రాములనుండి 22కు తగ్గెను. తరువాతి పరీక్షలలో ఇంత లాభము కానరాలేదు. అదే సంవత్సరము ఆస్ట్రేలియాలో హెబ్బార్డ్ బృందము అల్ట్రాసౌండుతో సూదిమొనను కంట చూచుచు మందు వేయు విధమును వర్ణించెను.

అయినను దీనికి హద్దులు కలవు. ఇది గోడ నొప్పినే ఆపును. ప్రేవుల నొప్పి వేరు నాడులగుండ పోవును గనుక ఇతర మందులును వలయును. మోతాదు మించినచో మూర్ఛలు వచ్చును, గుండె ఆగవచ్చును. వృద్ధుల కాలేయము మందును మెల్లగా విరుచును గనుక మోతాదు తగ్గింపవలెను. 1998లో వైన్‌బర్గ్ ఎలుకలలో కొవ్వు ద్రావణము ఈ విషమునకు విరుగుడని చూపగా, 2006లో గుండె ఆగిన ఒక రోగి దానివలన బ్రతికినట్లు ప్రకటింపబడెను.

ఈ కృషికి కొలమానము నొప్పి తగ్గుట మాత్రమే కాదు. శస్త్రచికిత్స మరునాడు వృద్ధుడు మంచముపై లేచి కూర్చుండి, మతి తప్పక, జంకక, గట్టిగా దగ్గగలుగవలెను. ఆ ఒక్క దగ్గే ఆతని ఊపిరితిత్తులను కాపాడును.