ఓడకు వేయి కప్పీలు

నూతి మీద గిలక నేడు అరుదైపోతున్నది గాని, ప్రయోగశాలలో కప్పీని చూడని విద్యార్థి ఉండడు. ఒక చక్రం, దాని అంచున గాడి, నడుమ ఇరుసు, ఇంతే కదా అనిపిస్తుంది. ఈ చిన్న సాధనం ఒకప్పుడు ఒక మహానౌకాదళానికి పెద్ద సమస్య అయినది. ఆ సమస్యకు దొరికిన పరిష్కారమే యంత్రయుగానికి ఒక ముఖ్యమైన మెట్టు.

తెరచాప ఓడ గాలితో నడుస్తుంది; కాని ఆ గాలిని పట్టేది మోకులు. చాపను ఎత్తడానికి, దించడానికి, గాలివాటానికి తిప్పడానికి వేరువేరు తాళ్లు కావాలి. కొయ్య చిటారున ఉన్న బరువును డెక్కు మీద నిలబడిన నావికుడు లాగాలంటే మార్గం కప్పీయే. స్థిరమైన కప్పీ బలం దిక్కును మాత్రమే మారుస్తుంది. దానితో ఒక చలించే కప్పీని జత చేస్తే సగం బలంతో బరువు లేస్తుంది. అయితే తాడును రెట్టింపు పొడవు లాగాలి. బలంలో కలిసివచ్చినది దూరంలో పోతుంది. పైగా ఘర్షణకు కొంత సుంకం చెల్లించక తప్పదు.

కప్పీని డెక్కు మీద ఎక్కడ పడితే అక్కడ బిగిస్తే ప్రయోజనం లేదు. తాడు వచ్చే దిక్కు, చక్రపు గాడి ఒకే తలంలో ఉండాలి. కాస్త పక్కకు వాలినా తాడు చెక్కకు ఒరుసుకొని అరిగిపోతుంది; తుపానులో తెగితే చాప అదుపు తప్పుతుంది. అందుచేత కప్పీ నాణ్యం మీద ఓడ క్షేమం ఆధారపడి ఉండేది.

పద్దెనిమిదవ శతాబ్ది చివర 74 ఫిరంగుల యుద్ధనౌక ఒక్కదానికే సుమారు వేయి కప్పీలు కావలసి వచ్చేవి. బ్రిటిష్ నౌకాదళానికి సాలుకు లక్ష వరకు అవసరమయ్యేవి. వీటిని సౌతాంప్టన్‌లోని టేలర్ కుటుంబంవారు సరఫరా చేసేవారు. వారు అప్పటికే కొన్ని యంత్రాలను వాడుచున్నను, చేతిపని చాలా మిగిలి ఉండేది. నెపోలియన్ యుద్ధాల కాలంలో ఇది చిన్న చిక్కు కాదు.

అప్పుడు రంగంలోకి వచ్చినవాడు మార్క్ ఇసంబార్డ్ బ్రూనెల్. 1769లో ఫ్రాన్సులో పుట్టి, 1793లో విప్లవానికి వెరచి అమెరికా చేరి, 1799లో ఇంగ్లాండు వచ్చినాడు. కప్పీల తయారీని అంచెలుగా విడదీసి, ఒక్కొక్క అంచెకు ఒక్కొక్క యంత్రం ఉండాలని ఆయన ఊహ. 1801లో పేటెంటు పొందినాడు. టేలర్లు ఆ ఊహను కాదన్నారు. నౌకాశాఖలో పనుల తనిఖీ అధికారి సామ్యూల్ బెంథామ్ మాత్రం దాని విలువ గుర్తించినాడు. ఆయన అప్పటికే పోర్ట్స్‌మత్ ఓడల కర్మాగారంలో ఆవిరియంత్రాన్ని ప్రవేశపెట్టి ఉన్నాడు. 1802లో అనుమతి లభించినది.

ఊహ ఒకరిదైతే చేత మరొకరిది. బ్రూనెల్ యంత్రాలను తయారుచేసినవాడు లండను పనివాడు హెన్రీ మాడ్‌స్లే. మొదట బ్రూనెల్ ప్రయోజనం చెప్పకుండా చిత్రాలు మాత్రమే చూపించగా, అవి కప్పీలు చేసే యంత్రాలవని మాడ్‌స్లే తానే పసిగట్టినాడని చెబుతారు. యంత్రాలకు చెక్క చట్రాలు మామూలైన ఆ రోజుల్లో, ఆయన వీటిని లోహంతో కట్టినాడు. లోహం వంగదు, కదలదు. అందువల్ల వేయవ వస్తువు కూడా మొదటిదాని కొలతకే వస్తుంది.

పని జరిగే తీరు చూడండి. ఎల్మ్ చెక్కను రంపపు యంత్రం ముక్కలు చేసేది. ఒక యంత్రం ఇరుసుకు బెజ్జం వేసేది. మరొకదానిలో ఉలి పైకీ కిందికీ ఆడుతూ చక్రం ఇమిడే గాడిని తొలిచేది. ప్రతి వేటుకు చెక్క తనంతట తానే కొంచెం ముందుకు జరిగేది. తరువాత పది ముక్కలను ఒక పెద్ద చక్రం అంచున బిగించి తిప్పితే, పదింటికీ ఒకేసారి ఒకే వంపు వచ్చేది. లోపలి చక్రాలను నీటిలో మునిగేంత బరువైన లిగ్నమ్ వైటే కొయ్యతో చేసి, నడుమ లోహపు తొడుగు వేసేవారు.

1808 నాటికి 45 యంత్రాలు సాలుకు 1,30,000 కప్పీలు ఇచ్చినవి. 110 మంది నేర్పరుల పనిని 10 మంది మామూలు కూలీలు చేయగలిగినారు. ఈ లెక్కను రెండు వైపులనుండి చూడాలి. ఖజానాకు అది ఆదా. జీవితమంతా వెచ్చించి పని నేర్చిన వడ్రంగికి అది బ్రతుకుతెరువు సమస్య. నేర్పు నశించలేదు, వడ్రంగి చేతినుండి యంత్రాన్ని నిర్మించేవాని చేతికి మారినది.

ఆదా చేసి పెట్టినవానికి కూడా సుఖం దక్కలేదు. బ్రూనెల్‌కు రావలసిన ప్రతిఫలం ఏండ్ల తరబడి ఆలస్యమైనది. పిమ్మట ఇతర వ్యాపారాలలో నష్టపోయి, 1821లో అప్పుల కింద చెరసాల పాలైనాడు. ప్రభుత్వం 5,000 పౌన్లు ఇచ్చి విడిపించినది. ఆ బ్రూనెలే తరువాత థేమ్స్ నది కింద సొరంగం తవ్వించి 1843లో పూర్తిచేసినాడు.

తెరచాప యుద్ధనౌకలు పోయినా, ఆ యంత్రాలలో కొన్ని ఇరవయ్యవ శతాబ్ది నడుమ వరకు పనిచేసినవి. కొన్ని నేడు లండను సైన్సు మ్యూజియంలో ఉన్నవి. ఒకే కొలత గల భాగాలను యంత్రాల వరుస మీద వేలకొలది తయారుచేయడం మనకిప్పుడు సామాన్య విషయం. సైకిలులో ఒక మర అరిగిపోతే అంగడిలో మరొకటి కొని బిగిస్తాం. అది సరిగా పడుతుందా అన్న సందేహమే రాదు. ఆ నిశ్చింత వెనుక ఉన్న చరిత్రలో ఓడ కప్పీకి కూడా చోటున్నదని, ఈసారి ప్రయోగశాలలో కప్పీకి దారం చుట్టేటప్పుడు ఒక్కమారు తలచుకొనండి.