ఆదిమ క్రైస్తవ సంఘం – సహపంక్తి పరీక్ష

ఒక సమాజం మనుషులందరినీ సమానులుగా భావిస్తున్నదా లేదా అన్న విషయాన్ని దాని సిద్ధాంత గ్రంథాలకన్నా దాని భోజనపంక్తి ముందుగా చెబుతుంది. ఎవరు ఎవరి పక్కన కూర్చుంటారు, ఎవరికి ముందు వడ్డిస్తారు, ఎవరు వాకిట నిలిచి నిరీక్షిస్తారు అన్న ప్రశ్నలు భారతీయులకు కొత్తవి కావు. సంఘసంస్కర్తలు పట్టుదలతో సహపంక్తి భోజనాలు జరిపించింది ఇందుకే. మధ్యధరా ప్రాంత నగరాలలో ఆదిమ క్రైస్తవ సంఘం ఎదుర్కొన్న తొలి సంక్షోభాలలో ఒకటి కూడా పంక్తి గురించే కావడం గమనార్హం.

సిరియాలో ఒరాంటిస్ నది ఒడ్డున వెలసిన అంతియొకయ రోమన్ సామ్రాజ్యపు మహానగరాలలో ఒకటి. యేసు శిష్యులకు ‘క్రైస్తవులు’ అన్న పేరు మొదట అక్కడే వచ్చిందని అపొస్తలుల కార్యముల గ్రంథం చెబుతున్నది. అక్కడి సంఘంలో యూదులు, యూదేతరులు కలిసి భుజించేవారు. ఆహార నియమాలను తరతరాలుగా నిష్ఠతో పాటించిన యూదులకు ఇది సామాన్యమైన మార్పు కాదు. క్రీ.శ. 50 ప్రాంతంలో పేతురు అంతియొకయకు వచ్చి మొదట అందరితోనూ కలిసి భుజించాడు. యెరూషలేము నుంచి యాకోబు వద్ద ఉన్నవారు కొందరు రాగానే వారికి జంకి పంక్తి నుంచి తప్పుకున్నాడు. తక్కిన యూదులు, చివరకు బర్నబా కూడా, అదే దారి పట్టారు. అప్పుడు పౌలు అందరి ఎదుటా పేతురును నిలదీశాడు. గలతీయులకు రాసిన లేఖలో ఈ వృత్తాంతాన్ని ఆయనే నమోదు చేశాడు. పేతురు ఏమని బదులిచ్చాడో అందులో లేదు. తమ ప్రథమ శిష్యుని తడబాటును తెలిపే ఈ లేఖను తర్వాతి తరాలు దాచిపెట్టలేదు. పవిత్ర గ్రంథంలో చేర్చి భద్రపరచుకున్నాయి.

కొరింథులో ఇదే సమస్య మరొక రూపంలో తలెత్తింది. అక్కడ అడ్డుగోడ జాతి కాదు, సంపద. రోమన్ సంపన్న గృహాలలోని భోజనశాలలో మూడు వైపులా వేసిన పర్యంకాలపై సాధారణంగా తొమ్మిదిమంది వరకు ఒరిగి భుజించేవారు. అంతస్తునుబట్టి స్థానం, స్థానాన్నిబట్టి వడ్డన. ఒక ఆతిథేయి తనకు, ఆప్తులకు మేలైన పదార్థాలనూ, తక్కువ స్థాయి అతిథులకు నాసిరకాన్నీ వడ్డించడాన్ని రోమన్ రచయిత ప్లినీ ఒక లేఖలో గర్హించాడు. ఈ అలవాటు కొరింథు సంఘంలోకీ ప్రవేశించింది. ప్రభు భోజనానికి చేరినవారిలో కలవారు తమ భోజనం తాము ముగించేవారు. ఒకడు ఆకలితో ఉంటే మరొకడు మత్తులో తేలేవాడు. లేనివారిని సిగ్గుపరచే ఆ విందు ప్రభువు విందు కానేకాదని పౌలు మందలించాడు. ఒకరికోసం ఒకరు వేచి ఉండాలన్నది ఆయన చెప్పిన పరిష్కారం. వినడానికి అది చిన్న మాట. ఆచరణలో యజమాని బానిస కోసం వేచి ఉండడమని దాని అర్థం.

కలిసి భుజించే అలవాటును పాలకులు కూడా గమనించారు. సుమారు 112లో బితూనియ-పొంతు ప్రాంత పాలకునిగా ఉన్న ఆ ప్లినీయే చక్రవర్తి ట్రాజన్‌కు ఒక నివేదిక పంపాడు. క్రైస్తవులు నియమిత దినాన తెల్లవారకముందే సమావేశమవుతారనీ, తిరిగి కలుసుకుని సామాన్యమైన, నిర్దోషమైన ఆహారం తీసుకుంటారనీ విచారణలో తేలిందని తెలిపాడు. నిజం రాబట్టడానికి తాను చిత్రహింస పెట్టించిన ఇద్దరు బానిస స్త్రీలను వారు ‘పరిచారికలు’ అని పిలుస్తారని కూడా రాశాడు. చట్టం దృష్టిలో సొత్తుగా ఉన్న స్త్రీలకు సంఘంలో ఒక గౌరవనామం ఉన్నదని ఈ అధికారిక పత్రమే సాక్ష్యమిస్తున్నది.

పంక్తి క్రమంగా సేవగా విస్తరించింది. ఆదివారపు కూడికలో సేకరించిన ధనాన్ని అనాథలకు, వితంతువులకు, రోగులకు, ఖైదీలకు, పరదేశులకు వినియోగించేవారని 155 ప్రాంతంలో రోమ్ నగరంలో జస్టిన్ రాశాడు. 251లో రోమ్ సంఘం పదిహేను వందలకు పైగా వితంతువులను, దీనులను పోషిస్తున్నట్లు అక్కడి బిషప్ కొర్నేలియస్ లేఖ తెలుపుతున్నది. క్రైస్తవాన్ని వ్యతిరేకించిన చక్రవర్తి జూలియన్ పేరుతో లభించే ఒక లేఖలో, వీరు తమ పేదలనే కాక ఇతరుల పేదలను కూడా పోషిస్తున్నారన్న ఉక్రోషం కనిపిస్తుంది. ప్రత్యర్థి ఇచ్చిన యోగ్యతాపత్రంగా దానిని భావించవచ్చు.

అయితే ఆ యుగాన్ని స్వర్ణయుగంగా చిత్రించడం చరిత్రకు న్యాయం కాదు. ఆదిమ సంఘం బానిసత్వాన్ని రద్దు చేయమని కోరలేదు. ఫిలేమోనుకు రాసిన లేఖలో ఒనేసిమును ప్రియ సహోదరునిగా స్వీకరించమన్న విన్నపం ఉన్నది కాని, బానిస వ్యవస్థపై తిరుగుబాటు లేదు. 313లో మత స్వేచ్ఛ, 380లో రాజాదరణతో కూడిన ఏకైక అధికార మతమన్న హోదా లభించాక, ఒకప్పుడు హింసకు గురైన సంఘమే భిన్నమతస్థుల పట్ల అసహనం చూపిన సందర్భాలూ ఉన్నాయి. కనుక ఆదిమ సంఘం అందించే పాఠం దాని నిష్కళంకతలో లేదు. తన లోపాన్ని లోపమని పేరుపెట్టి పిలిచి, బహిరంగంగా సరిదిద్దుకోవడానికి సిద్ధపడడంలో ఉన్నది.

ఈ పరీక్ష భారతదేశంలో కులం రూపంలో ఎదురయింది. 1706లో ప్రారంభమయిన ట్రాంకెబార్ మిషన్ ఆలయాలలో కులాలవారీగా వేరువేరు స్థానాలు కొనసాగాయి. 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ దక్షిణాది సంఘాలలో కులభేదాలను పూర్తిగా విడనాడాలని ఆదేశించినప్పుడు, తంజావూరు ప్రాంతంలో పలువురు ఆలయాన్నే విడిచారు కాని భేదాన్ని విడువలేదు.

తెలుగునాట ఒంగోలులో మరొక నిర్ణయం జరిగింది. 1866లో అక్కడికి చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ వద్దకు అగ్రకులాలవారు కొందరు ఆసక్తితో వస్తుండేవారు. మాదిగ కులానికి చెందిన ఎర్రగుంట్ల పేరయ్య వంటివారిని చేర్చుకుంటే తాము రాబోమని వారు స్పష్టం చేశారు. ఆ సందిగ్ధంలో తానూ తన భార్యా వేరువేరుగా బైబిలు తెరవగా ఇద్దరికీ ఒకే భాగం కనిపించిందని క్లౌ తన ఆత్మకథలో చెప్పారు. అది కొరింథీయులకు పౌలు రాసిన మొదటి లేఖ. లోకం బలహీనులుగా ఎంచినవారినే దేవుడు ఎన్నుకున్నాడన్న భాగం. పంక్తిభేదాన్ని మందలించిన లేఖ కూడా అదే. క్లౌ దంపతులు మాదిగల పక్షాన నిలిచారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

భేదం కులానికే పరిమితం కాలేదు. 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో వేదనాయకం శామ్యూల్ అజరయ్య, విదేశీ మిషనరీలు త్యాగం చేస్తున్నారు కాని భారతీయ సహచరులతో సమానులుగా మెలగడం లేదని సభాముఖంగా ఎత్తిచూపి, స్నేహాన్ని కోరారు. అంతియొకయలో పౌలు చేసిన పనే అది. రెండేళ్ల తర్వాత, 1912లో, ఆయన దోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే.

ఈ చరిత్ర ముగిసిపోలేదు. దళిత క్రైస్తవుల పట్ల సంఘంలోనే వివక్ష ఉన్నదని భారత కథోలిక బిషప్పుల సమాఖ్య 2016 నాటి విధానపత్రంలో అంగీకరించింది. 2022లో హైదరాబాదు ఆర్చిబిషప్ పూల ఆంథోని కార్డినల్‌గా నియమితులయ్యారు. ఆ స్థానాన్ని అందుకున్న తొలి తెలుగువారు, తొలి దళితుడు ఆయనే. ఇది హర్షణీయం. అయినా దక్షిణాదిన కొన్నిచోట్ల క్రైస్తవ శ్మశానాలలో సైతం కులరేఖలు చెరిగిపోలేదు.

ఆలయాల ఎత్తు, సభ్యుల సంఖ్య, సంస్థల ఆస్తి ఇవేవీ ఆదిమ సంఘానికి లేవు. దానికి ఉన్నది ఒక బల్ల; దాని చుట్టూ ఎవరు కూర్చోవాలన్న వివాదం; ఆ వివాదాన్ని దాచుకోని నిజాయితీ. నేటి విశ్వాసికి వారసత్వంగా మిగిలినది ఆ బల్లే. పేతురు లేచి వెళ్లిన చోటు ఎవరికోసం ఖాళీగా ఉన్నదో గుర్తించడమే దానికి వారసుడనిపించుకోవడం.