నిషానా కోసమే పుట్టిన పిస్తోలు

2024 పారిస్ ఒలింపిక్స్ రోజుల్లో మన ఇళ్ల వాట్సాప్ గ్రూపులన్నీ తుర్కీ షూటర్ యూసుఫ్ దికేచ్ ఫొటోతో నిండిపోయాయి. మామూలు కళ్లద్దాలు, ఒక చెయ్యి జేబులో. "మాషా అల్లాహ్! ఏ సామానూ లేకుండానే వెండి పతకం!" అని అందరూ వాహ్వా అన్నారు. ఆ సాదగీ నాకూ నచ్చింది. కానీ ఆయన రెండో చేతిలోని పిస్తోలు మాత్రం సాదా సామాను కాదు.

సిపాహీ పిస్తోలు ఎవరి చేతికైనా ఇమడాలి. నిషానా పిస్తోలు ఒక్కరి చేతికే ఇమడాలి. దాని పిడిని ఆ మనిషి అరచేతికి, వేళ్లకు తగ్గట్టు మలుస్తారు. గొట్టాన్ని చేతికి వీలైనంత దగ్గరగా దించుతారు, పేలినప్పుడు మూతి పైకి ఎగరకుండా.

ఈ హునర్ కమాల్ చూపింది 50 మీటర్ల ఫ్రీ పిస్టల్‌లో. ఒంటి చేత్తో 60 తూటాలు పేల్చాలి. పది పాయింట్ల వలయం అడ్డకొలత 50 మిల్లీమీటర్లే. ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువు ఆపాలని ఖాయిదా ఉంది. ఫ్రీ పిస్టల్‌కు ఆ హద్దు లేదు. ఇలాంటి బందిష్‌లు తక్కువ కనుకే దానికి ఆ పేరు.

రష్యాలోని తూలా ఆయుధ కర్మాగారం 1712లో పీటర్ చక్రవర్తి హుకుంతో ఫౌజు కోసం మొదలైంది. ఒకసారికి ఒకే తూటా పట్టే టీఓజెడ్-35 ఫ్రీ పిస్టల్ అక్కడిదే. డిజైన్ చేసిన యెఫీం ఖైదూరోవ్ స్వయంగా షూటర్. 1980 మాస్కో ఒలింపిక్స్‌లో అలెగ్జాండర్ మెలెంతియెవ్ దానితోనే 600కు 581 కొట్టాడు. ఆ రికార్డు 34 ఏళ్లు నిలిచింది. 2014లో కొరియా షూటర్ జిన్ జోంగ్ ఓ 583తో దాన్ని దాటాడు.

2016 రియో తర్వాత ఒలింపిక్స్‌లో ఫ్రీ పిస్టల్ లేదు. 1896 ఏథెన్స్‌లోనే ఉన్న పోటీ అది. కంప్యూటర్ వచ్చి ఉర్దూ అఖ్బారుల కాతిబుల కలాలు మూలపడిన సంగతి గుర్తొచ్చి నాకు అఫ్సోస్ అనిపించింది.

కానీ ఒక ఫరక్ ఉంది. ఆడవాళ్ల కోసం ఒలింపిక్స్‌లో ఫ్రీ పిస్టల్ పోటీ ఎన్నడూ విడిగా పెట్టలేదు. ఆడా మగా బరాబర్ కావాలని దాని జాగాలో మిక్స్‌డ్ ఎయిర్ పిస్టల్ తెచ్చారు. ఒక హునర్‌కు తలుపు మూసి, బేటీలకు తలుపు తెరిచారు. దీన్ని ఇన్సాఫ్ కాదనలేను.

దికేచ్ వెండి గెలిచింది ఆ పోటీలోనే. పక్కన నిలబడి సగం పాయింట్ల భారం మోసింది షెవ్వాల్ ఇలాయ్‌దా తర్హాన్. ఆమె ఫొటో మా గ్రూపులో ఎవరూ పంపలేదు. నేనూ పంపలేదు.