రక్షణ ఉత్తర్వుల పునరుల్లంఘన – శిక్షల పరిణామం: ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:
గృహహింసకు గురైన స్త్రీకి న్యాయస్థానం ఇచ్చే రక్షణ ఉత్తర్వు, జరగబోయే హింసను నివారించే సాధనం. దానిని ఒకసారి ఉల్లంఘించిన వ్యక్తి మళ్లీ ఉల్లంఘిస్తే శిక్ష పెరగాలా అన్న ప్రశ్నకు చట్టాలు వేర్వేరు సమాధానాలు ఇచ్చాయి. వాటి వెలుగులో భారతీయ చట్టాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

విదేశీ చట్టాలు:
ఇంగ్లండులో 1976 నాటి చట్టం సివిల్ ఉత్తర్వులకు అరెస్టు అధికారాన్ని జోడించే వీలు కల్పించింది. అయినా ఉల్లంఘన కోర్టు ధిక్కారంగానే మిగిలింది. 2004 నాటి చట్టం వేధింపు నిరోధక ఉత్తర్వుల ఉల్లంఘనను నేరంగా మార్చి, గరిష్ఠంగా 5 సంవత్సరాల కారాగార శిక్షను నిర్దేశించింది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం మరో మార్గం ఎంచుకుంది. అక్కడ ఇదే నేరానికి రెండుసార్లు శిక్ష పడిన వ్యక్తి తిరిగి ఉల్లంఘిస్తే, అది ‘ఫెలనీ’ స్థాయి నేరమవుతుంది.

భారతీయ చట్టం:
భారత శిక్షాస్మృతిలో 1983లో చేరిన 498ఎ సెక్షన్ జరిగిన క్రూరత్వాన్ని శిక్షించింది. 2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చిన గృహహింస నిరోధక చట్టం, 2005 సివిల్ ఉపశమనాన్నీ నేరశిక్షనూ ఒకచోట చేర్చింది. 31వ సెక్షన్ ప్రకారం రక్షణ ఉత్తర్వును ఉల్లంఘిస్తే ఒక సంవత్సరం వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. 32వ సెక్షన్ దీనిని కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్ నేరంగా పేర్కొంది. అయితే మొదటి ఉల్లంఘనకూ అయిదో ఉల్లంఘనకూ గరిష్ఠ శిక్ష ఒక్కటే.

పునర్నేరానికి అధిక శిక్ష అన్న సూత్రం మన చట్టాలకు కొత్త కాదు. శిక్షాస్మృతి 75వ సెక్షన్ నాణేలకు, ఆస్తికి సంబంధించిన కొన్ని నేరాల విషయంలో దానిని ఎప్పుడో అంగీకరించింది. 2013లో చేరిన 354డి సెక్షన్ స్త్రీని వెంటాడి వేధించే నేరానికి మొదటిసారి 3, మళ్లీ చేస్తే 5 సంవత్సరాల వరకు జైలుశిక్ష నిర్దేశించింది. ఆస్తికి, వీధిలో నడిచే స్త్రీకి వర్తించిన సూత్రం ఇంటిలోని స్త్రీకి అందలేదు.

ముగింపు:
శిక్ష పెంచినంతనే రక్షణ సమకూరదు. 1999లో కొలరాడోలో నిరోధక ఉత్తర్వు అమలులో ఉండగానే ఒక తండ్రి ముగ్గురు కుమార్తెలను చంపాడు. ఉత్తర్వును పోలీసుల చేత అమలు చేయించుకునే రాజ్యాంగపరమైన హక్కు ఆ తల్లికి లేదని 2005లో కాజిల్ రాక్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. మన చట్టం 33వ సెక్షన్‌లో, విధి విస్మరించిన రక్షణ అధికారికీ ఉల్లంఘించినవాడితో సమానమైన శిక్షే నిర్దేశించింది. కానీ 34వ సెక్షన్ ప్రకారం ఆ విచారణకు ప్రభుత్వ ముందస్తు అనుమతి అవసరం. మొదటి ఉల్లంఘన కేసుగా నమోదై శిక్షదాకా వెళ్లనిదే, రెండోది చట్టం దృష్టిలో రెండోది కాదు. కనుక పునరుల్లంఘనకు శిక్ష పెంచే సవరణ, మొదటి ఫిర్యాదును పట్టించుకునే యంత్రాంగంతో కలిసి రావాలి.