గర్భధారణ రెండవ త్రైమాసికము

గర్భధారణలో 14వ వారము మొదలుకొని 28వ వారము ప్రారంభమయ్యే వరకు గల కాలాన్ని రెండవ త్రైమాసికము అంటారు. వారాలను చివరి బహిష్టు మొదటి రోజు నుండి లెక్కిస్తారు. ఆ లెక్కన పూర్తి గర్భకాలము 40 వారాలు, అనగా 280 రోజులు. ఇళ్ళలో చెప్పుకొనే "ఐదవ నెల"కు, వైద్యులు చెప్పే 20 వారాలకు చాలాసార్లు పొంతన కుదరదు. కొందరు జరుగుతున్న నెలను కలిపి చెబుతారు, కొందరు నిండిన నెలలనే చెబుతారు. ఈ దశలోని పరీక్షల గడువులన్నీ వారాలలో ఉంటాయి కనుక చివరి బహిష్టు తేదీని వ్రాసిపెట్టుకోవడము ఎంతో ఉపయోగకరము.

వేవిళ్ళు తగ్గి, ఆకలి పుట్టి, గర్భవతికి కాస్త తెరపి దొరికే కాలమిది. అందువల్లనే ఆసుపత్రికి వెళ్ళడము వాయిదా పడే కాలము కూడా ఇదే.

శిశువు ఎదుగుదల

అవయవాల నిర్మాణము చాలావరకు మూడవ నెల ముగిసేసరికి పూర్తి అవుతుంది. ఆ తరువాత జరిగేది ముఖ్యముగా పెరుగుదల, పనితీరు ఏర్పడడము. 16వ వారములో సుమారు 100 గ్రాములుండే శిశువు 20వ వారానికి 300 గ్రాములు దాటి, తల నుండి మడమ వరకు సుమారు 25 సెంటీమీటర్లు ఉంటుంది. 28వ వారానికి బరువు దాదాపు ఒక కిలోగ్రాము అవుతుంది.

16వ వారము తరువాత ఉమ్మనీటిలో అధిక భాగము శిశువు మూత్రమే. శిశువు ఆ నీటిని మ్రింగుతూ, తిరిగి విసర్జిస్తూ ఉంటుంది. అందుచేత మూత్రపిండాలు ఏర్పడకపోతే ఉమ్మనీరు తగ్గిపోతుంది, ఆహారనాళము మూసుకొనిపోతే ఎక్కువవుతుంది. ఉమ్మనీటి పరిమాణాన్ని ప్రతి స్కానింగులోను చూడడానికి కారణమిదే. చర్మముపై నూగు వెంట్రుకలు, వెన్నవంటి తెల్లని పూత ఏర్పడతాయి. ఆడశిశువు అండాశయాలలో 20వ వారానికి 60 నుండి 70 లక్షల అండకణాలుంటాయి. పుట్టేసరికి వాటిలో అధిక భాగము నశిస్తుంది. అతుక్కొని ఉన్న కనురెప్పలు 26వ వారము ప్రాంతములో విడివడతాయి. అప్పటికి శిశువు బయటి శబ్దాలకు స్పందించడము మొదలుపెడుతుంది.

ఊపిరితిత్తులు మాత్రము ఆలస్యముగా సిద్ధమవుతాయి. గాలి గదులు ముడుచుకొని పోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ అనే పదార్థము 24వ వారము తరువాతనే కొద్దికొద్దిగా ఊరడము ప్రారంభిస్తుంది. 22 వారాలకు పుట్టిన శిశువుకు, 27 వారాలకు పుట్టిన శిశువుకు బ్రతికే అవకాశాలలో ఉన్న పెద్ద తేడాకు ఇదొక ప్రధాన కారణము.

తల్లికి శిశువు కదలికలు మొదటి కాన్పులో సాధారణముగా 18 నుండి 20 వారాల మధ్య, తరువాతి కాన్పులలో ఒకటి రెండు వారాల ముందే తెలుస్తాయి. మాయ గర్భాశయపు ముందు గోడకు అతుక్కొని ఉంటే మరికొంత ఆలస్యముగా తెలియవచ్చు.

సాధారణ పరీక్షలు

భారతదేశములో గర్భకాలము మొత్తానికి కనీసము నాలుగు పరీక్షలు నిర్దేశించారు. వాటిలో రెండవది 14 నుండి 26 వారాల మధ్య జరగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఈ సంఖ్యను ఎనిమిదికి పెంచి, 20వ, 26వ వారాలలో ఒక్కొక్కటి సూచించింది. 2016లో మొదలైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ క్రింద ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో నాలుగవ నెల దాటిన గర్భవతులను వైద్యులు ఉచితముగా పరీక్షిస్తారు.

బరువు, రక్తపోటు చూసిన తరువాత పొట్టను చేతితో తడిమి గర్భాశయపు ఎత్తును అంచనా వేస్తారు. 20వ వారానికి అది సుమారు బొడ్డు వరకు వస్తుంది. 24వ వారము నుండి టేపుతో కొలిస్తే సెంటీమీటర్ల సంఖ్య, వారాల సంఖ్య దాదాపు సమానముగా ఉంటాయి. శిశువు గుండె నిమిషానికి 110 నుండి 160 సార్లు కొట్టుకుంటుంది.

20 వారాల తరువాత రక్తపోటు 140/90 లేదా అంతకు మించి ఉంటే మూత్రములో ప్రోటీన్ కోసము వెదకుతారు. రెండూ కలిసి ఉంటే దానిని ప్రీఎక్లాంప్సియా అంటారు. అది ముదిరి మూర్ఛలు వస్తే తెలుగునాట గుర్రపువాతము అంటారు. ఇది తల్లీబిడ్డల ప్రాణాలకు ముప్పు. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడము, ముఖము ఉబ్బడము దీని హెచ్చరికలు. అయితే తొలిదశలో ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు కాబట్టి రక్తపోటు కొలవడము తప్ప మరో మార్గము లేదు.

రక్తములోని ద్రవభాగము ఎర్రకణాలకంటె వేగముగా పెరగడము వలన ఈ దశలో హీమోగ్లోబిన్ సహజముగానే కొంత తగ్గుతుంది. అది 11 గ్రాములకంటె తక్కువైతే భారతదేశములో రక్తహీనతగా పరిగణిస్తారు. 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము గల మాత్రను నాలుగవ నెల నుండి రోజుకొకటి చొప్పున 180 రోజులు ఇస్తారు. కాల్షియము మాత్రను దీనితో కలిపి వేసుకుంటే ఇనుము సరిగా ఒంటబట్టదు. రెండింటి మధ్య కొన్ని గంటల ఎడమ ఉండాలి.

24 నుండి 28 వారాల మధ్య 75 గ్రాముల గ్లూకోజు త్రాగించి రెండు గంటల తరువాత రక్తములో చక్కెర చూస్తారు. అది 140 మిల్లీగ్రాములు లేదా అంతకంటె ఎక్కువ ఉంటే గర్భకాలపు మధుమేహముగా భావించి మొదట ఆహారములో మార్పులు సూచిస్తారు.

లోపాల స్కానింగు

ఈ త్రైమాసికములో అతి ముఖ్యమైన పరీక్ష 18 నుండి 22 వారాల మధ్య చేసే స్కానింగు. తెలుగునాట దీనిని టిఫా స్కాన్ అని వ్యవహరిస్తారు. గ్లాస్గో నగరములో ఇయాన్ డొనాల్డ్ బృందము 1958లో ప్రచురించిన పరిశోధనతో ప్రసూతి వైద్యములో అల్ట్రాసౌండ్ వాడుకకు పునాది పడింది. తల చుట్టుకొలత, పొట్ట చుట్టుకొలత, తొడ ఎముక పొడవు కొలిచి, మెదడు, వెన్నెముక, గుండె నాలుగు గదులు, మూత్రపిండాలు, పెదవి పరిశీలిస్తారు. మాయ క్రిందికి ఉన్నదని నివేదికలో వ్రాయడము చూసి చాలామంది భయపడతారు. గర్భాశయము పెరిగేకొద్దీ అధిక సందర్భాలలో అది పైకి జరుగుతుంది, 32వ వారములో మరల చూస్తే సరిపోతుంది. స్కానింగు బాగున్నంత మాత్రాన ఏ లోపమూ లేదని హామీ కాదు. గుండెలోని చిన్న రంధ్రాలు, వినికిడి లోపాలు దీనిలో బయటపడవు.

ఈ పరీక్షను ఆలస్యము చేయరాదనడానికి చట్టపరమైన కారణము కూడా ఉన్నది. 1971 నాటి చట్టము గర్భవిచ్ఛిత్తికి 20 వారాల గడువు విధించింది. ఆ గడువు దాటిన తరువాత, శిశువు గుండెలో లోపమున్నదని అనుమతి కోరిన ఒక దంపతుల అభ్యర్థనను 2008లో బొంబాయి హైకోర్టు తిరస్కరించింది. లోపము కనిపించే వారాలు, గడువు ముగిసే వారాలు ఒకటే కావడముపై అప్పుడు విస్తృతముగా చర్చ జరిగింది. 2021 సవరణతో కొన్ని వర్గాల స్త్రీలకు గడువు 24 వారాలకు పెరిగింది. శిశువులో తీవ్రమైన లోపమున్నదని వైద్యమండలి నిర్ధారిస్తే గడువు వర్తించదు.

శిశువు ఆడో మగో తెలుపడము మాత్రము 1994 నాటి చట్టము ప్రకారము నేరము. మాటతో గాని, సైగతో గాని, మరే విధముగా గాని చెప్పరాదు. అడిగిన బంధువులు కూడా శిక్షార్హులే.

ఆచారాలు, అపోహలు

తెలుగు కుటుంబాలలో సీమంతము తరచు ఐదవ లేదా ఏడవ నెలలో జరుపుతారు. ఇనుము మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందని, ఎక్కువ తింటే బిడ్డ పెరిగి కాన్పు కష్టమవుతుందని కొన్నిచోట్ల నమ్ముతారు. వీటివలన జరిగే హాని ఎక్కువ. మాత్రలు మానిన తల్లికి కాన్పు సమయములో రక్తస్రావము జరిగితే తట్టుకొనే శక్తి ఉండదు. కుంకుమపువ్వు పాలు త్రాగితే బిడ్డ తెల్లగా పుడుతుందన్న మాటకు కూడా ఆధారము లేదు, కాని పాలు మంచివే. గ్రహణము చూస్తే గ్రహణమొర్రి వస్తుందన్న నమ్మకము ఆ పేరులోనే నిలిచిపోయింది. శిశువు పై పెదవి రెండు నెలలు నిండక ముందే అతుక్కొంటుంది కనుక, ఐదవ నెలలో గర్భవతిని చీకటి గదిలో కదలకుండా కూర్చోబెట్టినా, పెట్టకపోయినా ఆ పెదవిలో మార్పు రాదు.