ఉపగ్రహ ఇంటర్నెట్ (గ్రామీణ గృహ వినియోగం)

తీగ గానీ సెల్ టవరు గానీ అవసరం లేకుండా, ఇంటి కప్పు మీది యాంటెన్నా ద్వారా నేరుగా ఉపగ్రహం నుంచి అందే అంతర్జాల సేవ ఇది. కొండల, అడవుల మధ్య పది, ఇరవై గడపలున్న ఊళ్లకు ఫైబర్ వేయడం ఖర్చుతో కూడిన పని. అలాంటి చోట దీని విలువ తెలుస్తుంది.

భూస్థిర ఉపగ్రహాలు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. అంత దూరం సంకేతం వెళ్లి, జవాబు తిరిగి రావడానికి దాదాపు అర సెకను పడుతుంది. వీడియోలో డాక్టరుతో మాట్లాడేటప్పుడు ఆ జాప్యం వల్ల ఒకరి మాట మీద మరొకరి మాట పడుతుంది. ఇలాంటి సేవ అందించే స్టార్‌లింక్ ఉపగ్రహాలు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి కనుక ఈ జాప్యం సెకనులో పదో వంతుకన్నా తక్కువ. పల్లె ఇంటికి అసలు మేలు ఇదే: వైద్య సలహా, ఆన్‌లైన్ పాఠాలు, మార్కెట్ ధరలు ఇంట్లోనే అందుతాయి. తుపానుకు స్తంభాలు కూలినా, యాంటెన్నా నిలిచి, కరెంటు ఉంటే సేవ కొనసాగుతుంది.

పరిమితులూ ఉన్నాయి. చెట్టు కొమ్మ అడ్డొచ్చినా, కుండపోత వాన కురిసినా సంకేతం తగ్గుతుంది. పరికరం ధర పేద కుటుంబానికి భారమే. అందుకే పంచాయతీ, బడి కలిసి ఒకటి పెట్టుకోవడం మేలు.

ఉపగ్రహ ఇంటర్నెట్ అందించే వన్‌వెబ్ సంస్థ ఉపగ్రహాలను ఇస్రో 2022 అక్టోబరులో 36, 2023 మార్చిలో మరో 36 శ్రీహరికోట నుంచే కక్ష్యలోకి పంపింది.